ఇంటి ముంగిట ఇరుసు

పాతకారు గల గృహస్థునకు ఏదో యొక ఉదయమున ఒక చప్పుడు వినవచ్చును. వాకిటి నుండి బండిని తీసి, స్టీరింగును కడవఱకు త్రిప్పి వీథిలోనికి మళ్ళించునప్పుడు ముందు చక్రము దాపున ‘టక, టక, టక’ మను ధ్వని పుట్టును. తిన్నగ పోవునప్పుడు అది వినరాదు. వేగము హెచ్చినకొలది చప్పుడును త్వరితమగును. మొదటి వారము చక్రమున చిక్కిన రాతిముక్క యనుకొందుము. రెండవ వారము రేడియో గొంతు పెంచుదుము. మూడవ వారమున షెడ్డునకు పోవుదుము. అచ్చట తరచుగ వినవచ్చు తీర్పు ఒక్కటే: “యాక్సిల్ పోయిందండీ. ఇంక ఈ బండి మీద డబ్బు పెట్టకండి.” ఈ తీర్పును తలయొగ్గి స్వీకరింప నక్కఱలేదనియు, ఇరుసు చెడినంతమాత్రమున కారు చెడినట్లు కాదనియు, తగిన సాధనములును జాగ్రత్తయు నున్నచో గృహస్థుడు తన ముంగిటనే దానిని మార్చుకొనగలడనియు మా యభిప్రాయము.

ఇరుసన్నచో మన మనస్సునకు తోచునది ఎడ్లబండి ఇరుసు. అది తాను తిరుగదు. బరువును మోయుచు కదలక యుండును. చక్రములే దాని కొనలయందు తిరుగును. 2014 లో తయారీ నిలిచిన అంబాసిడరు కారునందును ముందు చక్రములు బరువు మోసి దారి చూపునవే కాని బండిని నడుపునవి కావు. ఇంజను శక్తి పొడుగాటి కడ్డీ మీదుగ వెనుక చక్రములకు పోవును. 1983 డిసెంబరులో మొదలిడి 2014 జనవరి వఱకు తయారైన మారుతి 800 మన ఊళ్లలో ఈ వరుసను తలక్రిందు చేసినది. దానియందు ఇంజను ముందు భాగమున అడ్డముగ నుండి ముందు చక్రములనే త్రిప్పును. గేరుపెట్టె నుండి ఎడమ చక్రమునకొకటి, కుడి చక్రమునకొకటి రెండు ఇరుసులు పోవును. ఇవి తామే తిరుగును. షెడ్డులలో డ్రైవ్ షాఫ్టన్నను, యాక్సిలన్నను ఇవియే. ఆ తరువాత వచ్చిన చిన్న కార్లలో అధిక భాగమునకు ఇదే యమరిక. విద్యుత్తుతో నడచు క్రొత్త కార్లకును ఇట్టి ఇరుసులే గలవు గనుక, మేము చెప్పుచున్నది కేవలము గతించిన కాలపు సంగతి యని పాఠకులు తలంపరాదు.

తిరిగెడు చక్రము ప్రక్కలకు మళ్ళవలెను, గుంటలో పడినపుడు పైకి క్రిందికి ఆడవలెను; అయినను దానికి అందు శక్తి కుదుపు లేక సమముగ నుండవలెను. ఇది సులభమైన పని కాదు. 1920 దశకమున అమెరికాలో ఆల్ఫ్రెడ్ రెజెప్పా యను ఇంజనీరు దీనికొక కీలును రూపొందించెను. ఒక గిన్నెలో ఆరు ఉక్కుగుండ్లు గాళ్ళలో దొర్లుచు, చక్రము ఎటు మళ్ళినను తామును సర్దుకొని శక్తిని అందించును. నేటికిని చక్రము వైపున నుండు కీలు ఈ వంశమునకు చెందినదే. గేరుపెట్టె వైపున వేఱొక కీలుండి, ఇరుసు కొంచెము లోనికిని బయటికిని జరుగుటకు వీలు కల్పించును. ఈ రెండు కీళ్ళకును ప్రాణము కందెన. ఆ కందెనను నిలుపునది హార్మోనియపు తిత్తివలె మడతలు గల ఒక రబ్బరు తొడుగు. మేస్త్రులు దీనిని ‘బూటు’ అందురు.

వ్యాధి యంతయు ఈ బూటునందే పుట్టును. రబ్బరు ముదిరి మడతల యొద్ద పగులును. రోడ్డుపై ఆరబోసిన గడ్డి చక్రముల నడుమ చుట్టుకొని దానిని చీల్చును. కారు చాలకాలము కదలక పాకలో నున్నచో ఎలుకలు కొఱుకును. చిరిగిన చోటు నుండి కందెన వెలికి చిమ్మి చక్రపు లోపలి వైపున నల్లని మరకగ కనబడును. పిదప ఆ చీలిక గుండ నీరును, ఇసుకయు లోనికి పోవును. వానకాలమున నల్లరేగడి బాటలలో తిరుగు బండికి ఇంతకు మించిన శత్రువు లేదు. ఇసుక కలసిన కందెన ఉక్కును సానబట్టును. గాళ్ళు అరిగి గుండ్లకు ఎడము ఏర్పడినపుడే మనము వినెడు ‘టకటక’. అనగా చప్పుడు వినబడునప్పటికి చికిత్సాకాలము మించిపోయినదన్న మాట. బూటు పగిలిన దినముననే చూచినవానికి కొద్ది ఖర్చుతో పోవును. చూడనివానికి ఇరుసే మార్చవలసి వచ్చును. మూడు నెలలకొకమాఱు చక్రమును ప్రక్కకు త్రిప్పి, మోకాలిపై వంగి, దీపపు వెలుతురున ఆ తొడుగును చూచుట కారుగలవాని కనీస విధి యని మేము చెప్పుదుము.

మేమును ఆ విధిని నెఱవేర్చినవారము కాము. మా యింట ఇరువదియైదేండ్లు దాటిన మారుతి కారొకటి గలదు. దాని చప్పుడును మేము రాతిముక్కయనియే తలంచితిమి. ఒక షెడ్డువారు రెండు ఇరుసులు, గేరుపెట్టె మరమ్మతు, ఇంకను ఏవేవో వ్రాసి ఒక చీటీ ఇచ్చిరి. ఆ మొత్తము కారు వెలకు సమీపముగ నుండెను. చీటీని జేబులో నుంచుకొని విజయవాడ ఆటోనగరుకు పోయితిమి. లారీ బాడీలు కట్టువారును, లేతుపని వారును, పాత విడిభాగముల నెఱిగినవారును అచ్చట వరుసగ నుందురు. ఒక వృద్ధ మేస్త్రి మా బండిని రెండు మాఱులు చుట్టు త్రిప్పించి విని, “ఎడమ పక్క బయటి కీలు బాబుగారూ. కుడి పక్క ఇంకా బాగానే ఉంది, గేరుబాక్సు జోలికి పోకండి,” అనెను. క్రొత్త ఇరుసు కొనబోగా, “ఎడమదీ కుడిదీ పొడవు ఒకటే అనుకున్నారా? పాతది ఊడదీసి పట్టుకు రండి, పక్కన పెట్టి చూసుకుని కొనుక్కోండి,” అని మందలించెను. గేరుపెట్టె నడుమ నుండదు గనుక రెండు ఇరుసుల పొడవులు వేఱు. కొనలయందలి గాళ్ళ లెక్కయు మోడలును బట్టి మాఱును. ఇట్టి మాట చెప్పినందుకు ఆతడు మాయొద్ద ఏమియు పుచ్చుకొనలేదు.

ఇచ్చట ఒక సంకోచమును గూర్చి చెప్పక తప్పదు. భూవసతి గల గృహములలో ఇరుసునకు కందెన పెట్టుట యనగా అందఱికిని తెలిసిన పనియే; కాని కందెన పెట్టిన చేయి యజమానిది కాదు, పాలేరుది. పట్టణములలో ఉద్యోగస్థుల సంగతియు ఇంతకు భిన్నము కాదు. కారు క్రింద దూరి నూనె చేతులతో లేచిన తండ్రిని చూచి పిల్లలు నవ్వుదురు, పొరుగువారు “ఏమండీ, మెకానిక్కు దొరకలేదా?” అని జాలిపడుదురు. మా వాకిటను ఈ రెండును జరిగినవి. బండిని నడుపుటయందు లేని చిన్నతనము దానిని విప్పుటయందు ఎట్లు వచ్చినదో మాకు తెలియదు. పని తెలియని యజమాని చీటీలోని ప్రతి పంక్తికిని తలయూపవలసినవాడే. ఒక్కమాఱు ఇరుసును తన చేతులతో ఊడదీసినవాడు మరల ఎన్నడును ఊడదీయక, షెడ్డుకే పోయినను, ఏది అడుగవలెనో, ఏది వలదనవలెనో ఎఱిగియుండును.

ఇక పనిని గూర్చి. దీనియందు కష్టమైనది ఇరుసు కాదు. బండిని పైకెత్తి నిలుపుట. కారుతో వచ్చు జాకీ చక్రము మార్చుటకు మాత్రమే ఉద్దేశింపబడినది. దానినే నమ్మి బండి క్రిందకు పోయి నలిగినవారి వార్తలు పత్రికలలో చదువుచునే యున్నాము. మన యిండ్లలో జాకీ క్రింద ఇటుకలు పేర్చు అలవాటు గలదు. ఇటుక హెచ్చరిక లేకయే పగులును. బోలు సిమెంటు దిమ్మ ఇంకను అన్యాయము. గట్టి నేలపై, వాలు లేని చోట, వెనుక చక్రములకు ముందు వెనుకల దిమ్మలు తన్ని, చేతిబ్రేకు వేసి, ముందు భాగమునెత్తి, కారు పొత్తమున చూపిన గట్టి తావుల క్రింద రెండు ఇనుప స్టాండులు నిలుపవలెను. విప్పిన చక్రమును బండి అంచు క్రింద పరుండబెట్టవలెను. స్టాండు జాఱినను చక్రము ఆపును. క్రిందకు పోకమునుపు బండిని చేతులతో గట్టిగ ఊపి చూడవలెను. ఇంట మఱియొక మనిషి లేనినాడు ఈ పనికి పూనుకొనరాదు. స్టాండులు కొనుటకు వెనుదీయువాడు తిన్నగ షెడ్డునకు పోవుట మేలు.

పని వరుస యిట్లుండును. ఇరుసు కొనయందలి పెద్ద నట్టును బండి నేలపై నుండగనే, చక్రము బిగించియుండగనే సడలింపవలెను. పైకెత్తిన పిదప ఆ బలమును ప్రయోగించినచో బండి స్టాండులపై నుండి జాఱును. ఎడ్లబండికి కడచీల యెట్టిదో ఈ నట్టునకు స్ప్లిట్ పిన్ను అట్టిది. కొన్ని కార్లలో పిన్నునకు బదులు నట్టు అంచును గాడిలోనికి నొక్కియుందురు. దానిని విడిపింపక త్రిప్పినచో మరలు చెడును. పిదప బండినెత్తి, చక్రము తీసి, గేరుపెట్టె నూనెను ఒక పళ్ళెములోనికి దించవలెను. లేనిచో ఇరుసు ఊడిన వెంటనే అది వాకిలి నంతయు తడుపును. క్రింది బాల్ జాయింటు బోల్టును తీసినచో చక్రము నిలుచు దిమ్మ బయటికి వంగును. ఆ యెడములో ఇరుసు వెలుపలి కొనను వెనుకకు తీయవచ్చును. బ్రేకు గొట్టము లాగబడకుండ చూచుకొనవలెను. ఇరుసు కదలకున్నచో సుత్తితో తిన్నగ దాని నెత్తిన కొట్టుట మనవారికి సహజమైన కోరిక. కఱ్ఱముక్క యడ్డుపెట్టి, పాత నట్టును కొనవఱకు త్రిప్పియుంచి, దానిపై మెల్లగ తట్టవలెను. లోపలి కొనను గేరుపెట్టె నుండి తీయునప్పుడు ఇరుసును పట్టి లాగరాదు. లాగినచో లోపలి కీలు విడిపోయి ముక్కలు చేతికి వచ్చును. కీలు అంచునకును గేరుపెట్టెకును నడుమ మీటుకడ్డీ నుంచి ఒక్కమాఱు మీటినచో లోపలి రింగు వదలి ఊడివచ్చును.

పాతదానిని క్రొత్తదాని ప్రక్కన పరుండబెట్టి పొడవు, గాళ్ళు, మరలు పోల్చి చూచిన పిదపనే లోనికి పెట్టవలెను. పెట్టునప్పుడు గేరుపెట్టె నోటియందలి ఆయిల్ సీలును గూర్చి మేము ఇతరులకు చెప్పగల అధికారమును మా పొరపాటు వలన సంపాదించుకొంటిమి. ఇరుసును వాలుగ త్రోయుట చేత సీలు పెదవి చిట్లెను. ఆదివారము సాయంకాలమున పని ముగిసినదని సంతసించి, నూనె నింపి, చేతులు కడుగుకొంటిమి. మరునాటి ఉదయము ఇంటి ఇల్లాలు పెట్టిన ముగ్గు నడుమ మూడు నూనెచుక్కలు ప్రత్యక్షమైనవి. తరువాతి ఆదివారము సీలు కొని పని యంతయు మరల చేసితిమి. సీలు వెల స్వల్పము. ఇరుసు మార్చునప్పుడు దానిని గూడ మార్చుట తెలివి. ఇరుసు లోనికి కూర్చున్నపుడు రింగు ‘టక్కు’మని పట్టుకొనును. లోపలి కీలు గిన్నెను మెల్లగ వెనుకకు లాగి చూచి, అది రాకున్ననే ముందుకు పోవలెను.

బయటి నట్టు బిగింపును గూర్చి ఒక్క మాట విపులముగ చెప్పవలెను; ఏలయన ఇంటి మరమ్మతులలో ప్రమాదము తెచ్చునది ఇదియే. చక్రపు బేరింగు ఈ నట్టు బిగింపు చేతనే చాల కార్లలో ఒద్దికగ నిలుచును. అందుచేతనే ఇరుసు తీసియున్న కాలమున బండిని ఆ చక్రముపై దింపి నెట్టరాదు. బిగింపు చాలకున్న చక్రము ఆడును; మితిమీరినను బేరింగు అరుగును. చిన్న కార్లకు ఈ బిగింపు తరచు 150 నుండి 200 న్యూటన్ మీటర్ల వఱకు నుండును. ఒక మీటరు పొడవు గల పిడి కొనయందు 15 మొదలు 20 కిలోల బరువు వ్రేలాడదీసినచో ఎంత బలమో అంత. సరియైన లెక్క ఆయా కారు మరమ్మతు పొత్తమున చూచుకొని, కొలత చూపు టార్క్ రించితో, బండిని నేలపై దింపిన పిదప బిగింపవలెను. చేతి యందాజు పనికిరాదు. నట్టును, పిన్నును క్రొత్తవే వేయవలెను. కడపట నూనె మట్టము చూచి, జనము లేని మైదానమున ఎడమకు నాలుగు చుట్లు, కుడికి నాలుగు చుట్లు త్రిప్పి వినవలెను. రోడ్డెక్కుట ఆ పిదపనే.

ఈ పని అందఱును చేయవలెనని మా ఉద్దేశము కాదు. బోల్టులు తుప్పుపట్టి అతుకుకొనిపోయిన బండిని, చప్పుడు ఇరుసునుండియో, బేరింగునుండియో తేలని బండిని నేర్పరికి అప్పగించుటయే ఉత్తమము. పాతకారును కాపాడుటకును హద్దు గలదు. మా మారుతి కారునందు గాలిసంచులు లేవు. పెద్ద రహదారులపై వేగముగ పోవుటకు అది తగదు. దాని పొగ నేటి బండ్ల పొగ కంటె అధికము. వీని వలన దానిని విడిచిపెట్టవలెనని ఎవరైన వాదించినచో ఆ వాదమున న్యాయము గలదు. చిరిగిన రబ్బరు తొడుగు వలన విడిచిపెట్టవలె ననుటలో మాత్రము లేదు.

అయినను యజమాని ఒక్కని పట్టుదల చాలదు. విడిభాగమును, దాని విద్యయు అతనికి అందవలెను. ఈ విషయమున పెద్ద వ్యాజ్యమే నడచినది. విడిభాగములను, పరీక్షా సాధనములను బయటి మేస్త్రులకు అందనీయక పోటీని అడ్డగించినారని 2014 ఆగస్టు 25 న మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలపై రూ. 2,544 కోట్లకు మించిన జరిమానా విధించెను. జరిమానాపై అప్పీళ్ళు నడచినవి. కాని బయటి మేస్త్రికి తలుపు మూయుట తప్పని ఒక ప్రజాసంస్థ తీర్పు చెప్పుట సామాన్య విషయము కాదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించినది. అదే సంవత్సరము డిసెంబరులో అందుకొక పోర్టలును తెఱచినది. సేద్యపు పరికరములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అందు చేర్పబడినవి. మఱియొకవైపున 15 ఏండ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుండి రూ. 600 నుండి రూ. 5,000 కు పెంచిరి. 2025 లో 20 ఏండ్లు దాటినవానికి రూ. 10,000 చేసిరి. ఒక చేతితో మరమ్మతు హక్కును చూపి, రెండవ చేతితో మరమ్మతుకు తగిన బండినే వదలుకొమ్మనుట ఎట్టి నీతియో ప్రభుత్వమువారే చెప్పవలెను. పొగను తగ్గింపదలచినచో పొగను కొలిచి వసూలు చేయవచ్చును. వయస్సును కొలిచి వసూలు చేయుట, మూడు నెలలకొకమాఱు బూటు చూచుకొన్న వానిని, పదియేండ్లు చూడని వానిని ఒక్క గాట కట్టుటయే.

మరమ్మతు పొత్తములు సాధారణముగ ఇంగ్లీషున నుండును. ఆటోనగరు మేస్త్రి వాటిని చదివి నేర్చినవాడు కాడు. విని, చూచి, చేయి కాల్చుకొని నేర్చినాడు. నట్టు బిగింపు లెక్క, నూనె పరిమాణము, జాకీ నిలుపవలసిన తావు – ఈ మూడైనను తెలుగున ముద్రించి ప్రతి బండితోను ఇచ్చుట కంపెనీలకు భారము కాదు. ఇతర భాషల ప్రాంతములవారును తమ తమ భాషలలో ఇట్లే కోరవచ్చును. మన ఐ.టి.ఐ. లలో పనిముట్లును, లిఫ్టులును, బోధకులును ఉన్నారు. ఆదివారములందు కొద్దిపాటి రుసుముపై కార్ల యజమానులకు రెండుపూటల తరగతి పెట్టినచో, మొదటి పూట బండిని ఎత్తి నిలుపుట, రెండవ పూట ఇరుసు నూడదీసి పెట్టుట నేర్పవచ్చును. మా పట్టణమున అట్టి తరగతి తెఱచినచో చేరువారిలో మేమొకరము. చెడిన ఇరుసును పారవేయక దాచియుంచితిమి గనుక దానిని విప్పి చూపుటకు వెంట తెత్తుము.